రేపటి పోటుకు నిన్ననే దించిన తలుపులు

బందరులో నేను రోజూ పొద్దున్నే వెళ్ళి కూర్చునే గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళు ఓ పదిమంది ఉంటారు. నా కళ్ళజోడూ, నా ముందున్న లావుపాటి పుస్తకమూ చూసి నన్ను రిటైరైన లెక్చరరనుకుని ఫ్యాను కింద కుర్చీ ఖాళీ చేసి ఇస్తారు. "ఏ కాలేజీలో చేశారు సార్?" అని అడిగితే "కాలేజీ కాదు, లస్కర్ని" అంటాను. లస్కరంటే కాలువల మీద తలుపులు ఎత్తి దించే పనివాడని విడమరిచి చెప్పిన మర్నాటి నుంచి కుర్చీ ఖాళీ అవడం మానేస్తుంది. వాళ్ళ తప్పేం లేదు. నేనూ ఒకప్పుడు మనుషుల్ని వాళ్ళ చేతిలోని పుస్తకాన్ని బట్టీ, చర్చిలో కూర్చునే వరసను బట్టీ కొలిచినవాణ్ణే. ఆ కొలత ఒక జూలై నెలలో ఎలా తప్పిందో ఇప్పుడు రాస్తున్నాను. ఉద్యోగం కొత్తగా వచ్చినవాళ్ళు చదివితే మంచిది. భక్తి కొత్తగా వచ్చినవాళ్ళు చదివితే ఇంకా మంచిది.

నేను పుట్టింది గుడివాడలో. పదో తరగతి దగ్గర చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. అక్కడి శాఖా గ్రంథాలయంలో బీరువాలు నాలుగే. ఎడమచేతి వైపు నుంచి మొదలుపెట్టి నాలుగూ పూర్తి చేశాను. అందులో పశువైద్యం ఉంది, పచ్చళ్ళు పెట్టే విధానం ఉంది, గ్రహణాలు ఎందుకు పడతాయో ఉంది. దానివల్ల నాకు ప్రతి విషయంలోనూ కొంచెం తెలుసు. ఆ కొంచెం ఎక్కడ ఆగిపోతుందో మాత్రం తెలిసేది కాదు.

ఉద్యోగంలో చివరి పన్నెండేళ్ళూ నన్ను దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరికి వేశారు. అక్కడిది మురుగు కాలువ. పై ఊళ్ళ పొలాల్లో మిగిలిన నీరంతా అందులో పడి సముద్రంలో కలుస్తుంది. అయితే సముద్రం తీసుకుని ఊరుకునే రకం కాదు. రోజుకు రెండుసార్లు పోటు పెట్టి కాలువలోకి ఎదురెక్కుతుంది. అందుకని కాలువ చివర ఐదు ఇనప తలుపులు. పోటు రాకముందే వాటిని దించాలి. పాటు మొదలై నీరు వెనక్కి తగ్గాక ఎత్తాలి. దించడం ఆలస్యమైతే ఉప్పునీరు లోపలికి వస్తుంది. ఎత్తడం ఆలస్యమైతే లోపలి నీరు పొలాల మీదికి ఎక్కుతుంది. ఉద్యోగమంతా ఇంతే. నా చదువుకు చాలా చిన్న పని అని నా అభిప్రాయం. చిక్కల్లా ఒకటే, పోటు రోజూ ఒకే వేళకు రాదు. ఇవాళ వచ్చిన వేళ కంటే రేపు కాస్త ఆలస్యంగా వస్తుంది.

నాతో పాటు ఇంకొక లస్కరు ఉండేవాడు. ఆ ఊరివాడే. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద, ఉద్యోగంలో నాకంటే చిన్న. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను "బావా" అనేవాడు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చదువు సంతకం వరకే. గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని నీళ్ళ వంక చూస్తూ ఉండేవాడు. పుస్తకం లేకుండా మనిషి అంతసేపు ఎలా కూర్చోగలడో నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కానిదాన్ని సోమరితనం అనుకోవడం నాకు సులువు.

"అంతసేపు ఏం చూస్తావు బావా?" అని ఒకసారి అడిగాను.

"గుర్రపుడెక్కని" అన్నాడు, కాలువలో తేలిపోతున్న ఆ ఆకుల గుత్తుల్ని చూపించి. "ఇప్పుడు సముద్రం వైపు పరిగెడతంది గదా. కాసేపటికి నడుస్తది. తర్వాత నిలబడతది. డెక్క నిలబడిందంటే పోటు గుమ్మంలోకి వచ్చినట్టే. అప్పుడు హ్యాండిలు తిప్పాలి."

నవ్వుకున్నాను. చంద్రుడికీ సముద్రానికీ సంబంధం చదివినవాణ్ణి, గుర్రపుడెక్కను నమ్ముతానా?

మేమిద్దరం ఆ ఊరి చర్చి సంఘంలో సభ్యులం. అతను పుట్టుకతోనే. నేను వచ్చిన రెండేళ్ళకే సంఘ కార్యదర్శినయ్యాను. మినిట్స్ పుస్తకంలో తప్పుల్లేకుండా రాసేవాడు దొరకడం ఆ ఊళ్ళో కష్టం. ఆ సంవత్సరం మా పాస్టరు అయ్యగారు నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు తలపెట్టారు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు. నాట్లు మొదలైతే ఒక్కరూ రారు కాబట్టి నాట్లకు ముందే, నారుమళ్ళు పోసిన రోజుల్లో. ఆత్మీయ మెలకువ, ఓర్పు, దేవుని కోసం కనిపెట్టుకుని ఉండటం, ఇవీ అంశాలు. అయ్యగారు మంచివారే, బాగా చెబుతారు. కాకపోతే ఓర్పు మీద ఆయన ప్రసంగానికి చాలా ఓర్పు కావాలి.

మజ్జిగ ఉపవాసానికి భంగమా కాదా అన్నదానిమీద మొదటి రోజే చర్చ జరిగింది. మజ్జిగ ఆహారం కాదని సంఘపెద్ద తేల్చారు. ఆయన వడ్ల వ్యాపారి, తేల్చడంలో అనుభవం ఉన్న మనిషి. మూడో రోజుకి కొబ్బరినీళ్ళు, ఆరో రోజుకి కొబ్బరి కూడా ఆహారం కాకుండా పోయాయి. మూడింటికి ముగింపు దీవెన అవగానే అందరికీ ఉప్మా. రెండున్నర నుంచి వాసన వచ్చేది. ఆ అరగంటలో ప్రార్థనలు చాలా చిన్నవిగా, సూటిగా ఉండేవి.

అందులో నా వంతు కూడా ఉంది. హాజరు పట్టీ నా ఆలోచన. ప్రతి పేరుకూ ఎదురుగా రోజుకు రెండు గళ్ళు: ఆరంభం, దీవెన. రెంటికీ ఉంటేనే హాజరు. నలభై రోజులూ తప్పకుండా వచ్చినవాళ్ళకు నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ బహుమానం. భక్తిని కొలవడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు ఏ బీరువాలోనూ దొరకలేదు.

నాకొచ్చిన సమస్య తలుపులతో. మా ఇద్దరి ఒప్పందం ప్రకారం పగటి పోటు నాది, రాత్రి పోటు అతనిది. పదింటి నుంచి మూడింటి దాకా నేను చర్చిలో ఉంటే పగటి పోటు ఎవరు చూస్తారు? సెలవు పెట్టొచ్చు. పోనీ, జత లస్కర్ని అడగొచ్చు. రెండూ చదువుకున్నవాడు చేసే పనులు కావనిపించింది. అవనిగడ్డ వెళ్ళి అక్కడి గ్రంథాలయంలో సముద్రాల గురించిన పుస్తకం ఒకటి పట్టుకున్నాను. పోటు రోజు రోజుకూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని అందులో ఉంది. అంతే, ఇంటికొచ్చి నలభై రోజుల పట్టిక వేశాను. ఎర్ర సిరాతో దించే వేళ, నీలం సిరాతో ఎత్తే వేళ. పది తర్వాత, మూడింటి లోపు పోటు పడే రోజుల్లో తొమ్మిదిన్నరకే దించేసి వెళ్ళడం. మూడు దాటితే ఉప్మా తిని వచ్చి దించడం. ఎంత శుభ్రంగా కుదిరిందంటే దాన్ని చూసి నాకు నేనే వందనం చెప్పుకున్నాను.

పుస్తకంలో 'సుమారు' అని ఉంది. ఆ మాట నేను చదివాను. లెక్కలో వేయలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. తలుపులు ఎప్పుడు దించామో, ఎప్పుడు ఎత్తామో రాసే రిజిస్టరు ఒకటి ఉండేది. వేళలన్నీ తెలిసిపోయాయి కదా, రోజూ రాయడం దండగ కదా అని ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని నలభై రోజులకూ రాసేశాను. ప్రతి వరసకూ సంతకం. సిరా ఆరేలోపు నలభై పోట్లను ఆపిన లస్కరు ఈ డెల్టాలో నాకు ముందు ఎవరూ లేరు.

పట్టిక అద్భుతంగా పనిచేసింది. ముప్ఫై రెండు రోజులు! నేను ఉప్మా తిని వచ్చేసరికి ఒక్కోసారి తలుపులు అప్పటికే దిగి ఉండేవి. తుమ్మచెట్టు కింద నుంచి అతను, "ఎలాగూ ఇటొచ్చాను బావా, దించేశాను" అనేవాడు. నేను తొమ్మిదిన్నరకు దించి వెళ్ళిన రోజున, వచ్చి చూస్తే హ్యాండిళ్ళకు కొత్తగా గ్రీజు. మధ్యలో ఎత్తి, లోపలి నీటిని వదిలి, మళ్ళీ వేళకు దించినట్టు గుర్తులు. "తొందర మనిషి" అనుకునేవాణ్ణి. రాత్రంతా పోటు చూసినవాడు పగలు కూడా అక్కడెందుకు ఉన్నాడన్న ప్రశ్న నాకు రాలేదు. వచ్చి ఉంటే జవాబు కూడా వచ్చేది. అందుకే రానివ్వలేదు.

హాజరు పట్టీలో అతని వరస ఖాళీగా ఉంది. నలుగురూ చూసేలా గోడకు అంటించింది నేనే కాబట్టి నలుగురూ చూశారు. అతను ఆత్మీయంగా చల్లారిపోయాడని సంఘపెద్ద కమిటీలో అన్నారు. ముప్ఫై మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రార్థన మధ్యలో అందరి ముందూ నిలబెట్టి అడగాలని తీర్మానం. రాసింది నేను. కబురు తీసుకెళ్ళింది కూడా నేనే.

"మధ్యాహ్నం పూటా?" అన్నాడు గట్టు మీద. ఆకాశం వంక చూశాడు. "సాయంత్రం రమ్మంటే కుదరదా బావా?"

"సంఘం పిలిస్తే వేళలు అడుగుతారా?"

"సరే, సంఘం పిలిస్తే వస్తాను" అన్నాడు.

వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. ఆ రోజు అయ్యగారి అంశం మెలకువ. అప్పటికే ముగ్గురు నిద్రపోతున్నారు. అతన్ని ముందుకు పిలిచారు.

"ముప్ఫై మూడు రోజులయ్యింది. ఒక్కసారన్నా మొహం చూపించలేదు" అన్నారు సంఘపెద్ద. "రోజుకి ఐదు గంటలు దేవుడికియ్యలేనంత పనేంటయ్యా నీకు?"

"గట్టు మీద ఉంటన్నానండి."

"గట్టు మీద ఏం చేస్తన్నావు?"

"కనిపెట్టుకుని ఉంటన్నానండి."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు వినిపించాయి. అయ్యగారు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"పగటి పోటు కార్యదర్శి గారిదంట గదా? నీది రాత్రిదంట గదా? పగలు నీకు అక్కడేం పని?"

అతను నా వంక చూశాడు. నేను హాజరు పట్టీ వంక చూశాను. నాకు అప్పటికి తెలుసా అని మీరు అడుగుతారు. ఒప్పుకోవలసినంతగా తెలియదు. చూపు తిప్పుకోవలసినంతగా తెలుసు.

"ఊరికే కూర్చుంటానండి" అన్నాడు.

కూర్చోమన్నారు. వచ్చి నా పక్క బెంచీ చివర, కిటికీ దగ్గర కూర్చున్నాడు. బయట కొబ్బరి మట్టలన్నీ సముద్రం వైపు నుంచి ఊరి వైపుకు వాలిపోతున్నాయి. పన్నెండున్నరకి నా వైపు వంగాడు.

"బావా, గాలి తిరిగింది, పోటు ముందే వస్తది. అమావాస్య కూడా నిన్ననే. నేను పోయొస్తా."

"మూడూ ముప్ఫై ఐదు" అన్నాను, పట్టిక కంఠతా వచ్చు కాబట్టి. "ఇంకా మూడు గంటలుంది. ఇవాళైనా హాజరు వేయించుకో. కూర్చో."

కూర్చున్నాడు. ఉద్యోగంలో పెద్దవాణ్ణి, సంఘ కార్యదర్శిని, నాలుగు బీరువాలు చదివినవాణ్ణి, కూర్చోమన్నాను మరి. గంటసేపు కిటికీలోంచి ఆ మట్టల్ని చూస్తూ కూర్చున్నాడు. ఆ గంట విలువ ఎంతో తర్వాత తెలిసింది. ఒకటిన్నరకి లేచాడు. తలుపు దాటేదాకా నడిచాడు. దాటాక పరిగెత్తాడు.

"దీవెన కాకుండానే పోతన్నాడు చూడండి" అన్నారు సంఘపెద్ద.

నేను చూశాను. అతను పరిగెత్తే మనిషి కాదు. లేచి వెనకాలే వెళ్ళాలి. కానీ ముప్ఫై మూడో రోజు. దీవెన గడి ఖాళీ అయితే ముప్ఫై రెండు రోజులూ వృథా. నేను పెట్టిన నియమమే. కూర్చున్నాను. మూడింటికి దీవెన పొందాను. ఉప్మా కూడా తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను. ఇది రాయకుండా వదిలేద్దామని నిన్నటిదాకా అనుకున్నాను.

మూడూ ముప్ఫై ఐదుకు, రిజిస్టరు ప్రకారం సరిగ్గా వేళకు, నేను గట్టు మీదున్నాను. నాలుగు తలుపులు దిగి ఉన్నాయి. ఐదోదాని గాడిలో ఒక దుంగా, దానికి చుట్టుకున్న గుర్రపుడెక్కా ఇరుక్కుని ఉన్నాయి. అతను ఉతికిన చొక్కాతోనే గుండెల లోతు నీళ్ళలో నిలబడి దుంగను లాగుతున్నాడు. లోపలి వైపు చూశాను. గుర్రపుడెక్క మొత్తం సముద్రం వైపు కాదు, ఊరి వైపు పరిగెడుతోంది. గట్టు పొడవునా ఆయిలింజన్లు టకటక కొట్టుకుంటున్నాయి. మంచినీటి కాలువ మా ఊరి దాకా రాదు. చివరి ఊరు కదా, పైవాళ్ళు తాగగా మిగలదు. అందుకని నారుమళ్ళకు మురుగు కాలువలో నీళ్ళే ఇంజన్లతో తోడతారు. ఆ రోజు కూడా, నమ్మకంతో, తోడుతున్నారు.

ఐదో తలుపు ఇద్దరం కలిసి దించాం. ఇంజన్లు ఆపమని అరుస్తూ గట్టెంట పరిగెత్తాను. మొదటి ఇంజను ఒక కౌలుదారు ఆవిడది. మొగుడు లేడు, రెండెకరాలు కౌలుకు చేస్తోంది. ప్రార్థనలకు ఒక్కరోజు మానలేదు, ఆ మధ్యాహ్నం కూడా నాకు రెండు వరసల వెనక కూర్చుంది. ఇంటికి పోతూ ఇంజను దగ్గర ఆగి, మడిలో పడుతున్న నీళ్ళు దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకుందట. నేను వెళ్ళేసరికి ఇంజను ఆపేసి గట్టు మీద నిలబడి ఉంది.

"అన్నయ్యా," అంది, "ముప్ఫై మూడు రోజులూ నేను నారు కోసమే ప్రార్థన చేశాను. నువ్వు దేనికోసం చేశావు?"

నాలుగు గిన్నెల క్యారేజీ కోసమని ఎవరు చెబుతారు?

ఆరుగురి నారుమళ్ళు పోయాయి. మూడో రోజుకి కొసలు ఎర్రబడ్డాయి, వారానికి మొత్తం ఎండుగడ్డి. మళ్ళీ విత్తనం చల్లారు, నాట్లు ఆలస్యమయ్యాయి. ఆ ఆరింటిలో ఒకటి సంఘపెద్దది కూడా. ఉప్పునీటికి హాజరు పట్టీ చూసే అలవాటు లేదు.

ఇంజనీరు గారు మర్నాడే వచ్చారు. ఉద్యోగంలో చేరి ఏడాది అయినా కాని మనిషి. రిజిస్టరు తెరిచి నిన్నటి వరస చూశారు. చక్కగా ఉంది. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు.

"రేపటి పోటు కూడా దించేశారే!" అన్నారు. "ఎల్లుండిది కూడానా? రిటైరయ్యేదాకా దించేసి ఉంటే పోయేది గదండీ, హాయిగా ఇంటి దగ్గర కూర్చునేవారు."

ఆయన నా జత లస్కరు వైపు తిరిగారు. అరచేతులకు గుడ్డ పీలికలు కట్టుకుని ఉన్నాడు.

"పగటి డ్యూటీ ఎవరిది?"

"ఈయనదండి."

"ఈయనెక్కడున్నాడు?"

"చర్చిలోనండి."

"మరి నువ్వు?"

"నేనూ అక్కడేనండి."

"అయితే గట్టు మీద ఎవరున్నారయ్యా?"

"దేవుడేనండి" అన్నాడు. "ఆయనకి మన డిపార్ట్‌మెంట్లో పోస్టు లేదు."

ఇంజనీరు గారు నవ్వు ఆపుకోవడానికి మొహం అటు తిప్పుకున్నారు. నాకు ఇంక్రిమెంటు ఆపారు. అతను నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పలేదు, ఇరికించడానికి ఒక్క మాట ఎక్కువా చెప్పలేదు. అలాంటి సాక్ష్యం చర్చిలో నేనెప్పుడూ వినలేదు. అక్కడ సాక్ష్యాలకు రంగులెక్కువ.

సంఘం విచారణ వేరేగా జరిగింది. నలభై రోజుల దీక్షను చూసి ఓర్వలేక సాతాను ఉప్పునీటిని తోలాడని అందరూ ఒప్పుకున్నారు. సాతానుకు సందు ఎక్కడ దొరికింది? దీవెన కాకుండా ఒకడు లేచి వెళ్ళాడే, అక్కడ. నారు పోగొట్టుకున్న సంఘపెద్ద ఆ మాట కళ్ళనీళ్ళతో అన్నారు. అతన్ని ప్రభువు బల్ల నుంచి ఆపాలని, లిఖితపూర్వకంగా క్షమాపణ ఇచ్చేదాకా రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరాదని తీర్మానించారు. సంతకం తప్ప రాయడం రానివాడు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఆ తీర్మానం రాసిన చెయ్యి నాదే. వాక్యం బాగా కుదిరిందని అయ్యగారు మెచ్చుకున్నారు కూడా.

నలభయ్యో రోజు నాకు క్యారేజీ ఇచ్చారు. మూత మీద నా పేరు చెక్కించి, చప్పట్ల మధ్య. రెండు చేతులతో అందుకున్నాను.

బల్ల నుంచి ఆపడమంటే బయటివాళ్ళకు చిన్న విషయం. పుట్టినప్పటి నుంచి ఆ చర్చిలో ఉన్నవాడికి, తన తండ్రి కూర్చున్న బెంచీ ముందు నుంచి ప్లేటు ఆగకుండా వెళ్ళిపోతుంటే అది చిన్న విషయం కాదు. ఇంకొకడైతే చర్చి మార్చేవాడు. దివిసీమలో చర్చిలకేం కొరత? ఇతను ప్రతి ఆదివారం వచ్చాడు. గాలి తెలియడానికి గుమ్మం పక్కన ఆఖరి బెంచీ మీద కూర్చునేవాడు. నెల మొదటి ఆదివారం బల్ల. రొట్టె ప్లేటు వరసల్లో తిప్పేది కార్యదర్శి. అంటే నేను. మొదటి నెల అతన్ని దాటి వెళ్ళిపోయాను. తల వంచుకున్నాడు. రెండో నెల నా కాళ్ళు ఆగిపోయాయి. ప్లేటు అతని ముందే ఉంది. చెయ్యి చాపలేదు.

"ముందుకెళ్ళు బావా" అన్నాడు మెల్లగా. "ఆపింది సంఘం గదా. తీసేదాకా ఉంటాను."

ఆ రెండు నెలల్లోనే నేను గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. పట్టిక చించేశాను. మొదటి వారం గుర్రపుడెక్కను చూస్తూ నిద్రపోయాను. అరగంట నీళ్ళ వంక చూడటం కంటే మూడు వందల పేజీలు చదవడం తేలికని అప్పుడు తెలిసింది. ఒకరోజు అడిగేశాను.

"నా పోట్లు కూడా నువ్వే చూస్తున్నావని ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"నన్ను అడిగింది నేనేం చేస్తన్నానని. నువ్వేం చేయట్లేదని అడగలేదుగా?"

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు! గట్టిగానే వచ్చింది. అది కూడా పోటు లాంటిదే బావా. వస్తదని తెలుసు గదా. తలుపు దించుకుని, అది పోయేదాకా కూర్చోవాలి" అని చుట్ట వెలిగించాడు. చుట్ట తాగరాదని మా సంఘంలో తీర్మానం ఉంది. అదీ నా దస్తూరీలోనే.

మూడో నెల బల్లకు ముందు కమిటీలో లేచి నిలబడ్డాను. పట్టిక సంగతి, రిజిస్టరు సంగతి, ముప్ఫై రెండు రోజులు నా పని ఎవరు చేశారో, ముప్ఫై మూడో రోజు అతన్ని కూర్చోబెట్టింది ఎవరో, అంతా చెప్పాను. అతని మీది తీర్మానం తీసేయమన్నాను. ఇంత నిజాయితీకి గది నిశ్శబ్దమైపోతుందని, ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుంటారని ఒక ఆశ. చదివిన కథల ప్రభావం.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నారు. "అతని తీర్మానం వేరు, ఇది వేరు. క్షమాపణ కాగితం ఇంకా రాలేదు గదా" అన్నారు. ప్రార్థనకు వచ్చినందుకు నన్ను శిక్షించడం కుదరదు కాబట్టి, చాలాసేపు ఆలోచించి, దొంగ సంతకాల కింద నన్ను కూడా బల్ల నుంచి ఆపారు. ఆ తీర్మానం రాయడానికి వేరే ఎవరూ లేక నా చేతే రాయించారు. క్యారేజీ మాత్రం వెనక్కి అడగలేదు. పేరు చెక్కేశారు కాబట్టి ఇంకెవరికీ పనికిరాదు. దాన్లో మా ఆవిడ ఇద్దరికి సరిపడా అన్నం పెట్టి గట్టు మీదికి పంపేది. రిటైరయ్యేదాకా అందులోనే తిన్నాం.

ఆ నెల మొదటి ఆదివారం నేను వెళ్ళి ఆఖరి బెంచీలో అతని పక్కన కూర్చున్నాను. అతను జరిగి చోటిచ్చాడు. ప్లేటు ఇంకెవరో పట్టుకొచ్చారు. మా ముందుకు వచ్చేసరికి ఆ మనిషి నడక వేగం పెంచాడు. నేను తల వంచుకున్నాను. రొట్టె ముక్కను అంత దూరం నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. ఆ దూరంలో అతను మూడు నెలలుగా కూర్చుని ఉన్నాడు, తలుపు చప్పుడు చేయకుండా.

పాట అయిపోవచ్చింది. అతను గుమ్మంలోంచి బయటికి చూసి, నా వైపు వంగాడు.

"పోటు ఎన్నింటికి బావా?"

అలవాటు చొప్పున నా చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. పట్టిక లేదు.

"తెలీదు" అన్నాను.

"ఇన్నాళ్ళకి దారిలో పడ్డావు. పద, చూద్దాం."

ముందు అయ్యగారు దీవెన కోసం చేతులు ఎత్తుతున్నారు. ఇద్దరం లేచాం. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూస్తే, సంఘపెద్ద జేబులోంచి పెన్ను తీస్తున్నారు.